రోజూ 40 నిమిషాలు నడిచినా మూడు నెలల్లో కిలోనే తగ్గాను, వాకింగ్ మానేసి జిమ్‌లో చేరాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు ఉండేదాన్ని. షుగర్ బోర్డర్‌లో ఉంది, మందులు అక్కర్లేదు, బరువు తగ్గితే చాలన్నారు. మూడు నెలలుగా రోజూ పొద్దున 40 నిమిషాలు ఫ్రెండ్‌తో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నా, ఒక్కరోజు కూడా మానలేదు. ఇప్పుడు 77. వాకింగ్‌తో ఏం తగ్గదు, జిమ్‌కి వెళ్తేనే తగ్గుతారు అని అందరూ అంటున్నారు. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు కూడా కొంచెం నొప్పి పెడుతున్నాయి. వాకింగ్ ఆపేయమంటారా?

జవాబు: ఆపకండమ్మా, ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. ఒక్కరోజు కూడా మానకుండా మూడు నెలలు నడిచానన్నారు చూడండి, అందరికీ కష్టమైంది అదే, చాలామంది మూడో వారానికే ఏదో ఒక వంక చెప్పి ఆపేస్తారు. మీకు అలవాటు కుదిరిపోయింది, దాన్ని పోగొట్టుకోవద్దు.

ఇక ఆ కిలో సంగతి. కిలోనే తగ్గాను అని బాధపడుతున్నారు కానీ ఒకసారి లెక్క వేద్దాం. కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారంటే స్పీడు గంటకి 4 కిలోమీటర్ల దగ్గర ఉంటుందనుకుంటా. మీ బరువుకి ఆ స్పీడులో 40 నిమిషాలు నడిస్తే, ఇంట్లో ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేయగా పైన కరిగేది సుమారు 100 కేలరీలు, అంతే. 90 రోజులకి 9,000. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి. అంటే మీ నడక మీకు ఇవ్వాల్సింది కిలో, కిలోంబావు మధ్యలో, ఇచ్చింది కూడా అంతే. నడక మోసం చేయలేదు, మనమే దాని దగ్గర ఐదారు కిలోలు ఆశించాం. చేతి వాచీలో ఇంతకి రెండింతలు కేలరీలు కనిపిస్తే దాన్ని నమ్ముకోకండి, చాలా వాచీలు కూర్చున్నా అయ్యే ఖర్చు కూడా అందులో కలిపేసి చూపిస్తాయి.

ఇంకో సంగతి, దీన్ని పేషెంట్లు ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, నేనే అడగాలి. నడిచి ఇంటికొచ్చాక ఆకలేస్తుంది, ఇవాళ నడిచాం కదా అని ఇంకొంచెం పెట్టుకుంటాం, లేదంటే అలసిపోయామని మిగతా రోజంతా సోఫాలోనే ఉండిపోతాం. 40 నిమిషాలు కష్టపడి కరిగించిన 100 కేలరీలు ఒక చిన్న స్నాక్‌తోనో, గ్లాసుడు తీపి డ్రింక్‌తోనో రెండు నిమిషాల్లో తిరిగొచ్చేస్తాయి. అందుకే బరువు తగ్గడం వరకు అసలు పని కంచం దగ్గరే జరగాలి. రోజు మొత్తం మీద ఒక 350 కేలరీలు తగ్గించగలిగితే మొదట్లో ఇంచుమించు మూడు వారాలకో కిలో చొప్పున తగ్గుతారు, నడక ఒక్కదానితో అదే కిలోకి మీకు మూడు నెలలు పట్టింది. తీపి డ్రింకులు, టీవీ ముందు తినేవి, పడుకునే ముందు తినేవి, ఈ మూడింటితో మొదలుపెట్టండి, కడుపు మాడ్చుకోనక్కర్లేదు, ప్రతి పూటా ప్రొటీన్, కూరగాయలు సరిపడా ఉంటే ఆకలి కూడా అదుపులో ఉంటుంది.

మరి అలాంటప్పుడు నడవడం దేనికి అంటారేమో. మీకు షుగర్ బోర్డర్‌లో ఉంది కాబట్టి మీకే చెప్పాలి ఈ విషయం. అమెరికాలో మీలాగే బోర్డర్‌లో ఉన్న 3,000 మందికి పైగా జనం మీద చేసిన ఒక పెద్ద స్టడీ 2002లో బయటికొచ్చింది. అందులో ఒక గ్రూపుకి ఇచ్చిన టార్గెట్ ఏంటంటే వారానికి 150 నిమిషాలు బ్రిస్క్ వాకింగ్ లాంటి వ్యాయామం, ఉన్న బరువులో 7 శాతం తగ్గడం. ఆ గ్రూపులో షుగర్ వ్యాధి రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్న గ్రూపులో 31 శాతమే తగ్గింది. మీ 78 కిలోల్లో 7 శాతం అంటే ఐదున్నర కిలోలు. అంటే మీరు 55 కిలోలకి రానక్కర్లేదు, 72, 73 దగ్గరికొచ్చినా చాలా పెద్ద మార్పు. పైగా తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా కాపాడేది ఎక్కువగా ఈ రోజువారీ నడకే, తిండి ఒక్కటే తగ్గించి నడక లేనివాళ్ళకి బరువు తిరిగొచ్చేస్తూ ఉంటుంది. లోపల పొట్ట చుట్టూ అవయవాల మధ్య పేరుకునే కొవ్వు కూడా వ్యాయామంతో తగ్గుతుంది, కాటాలో ముల్లు కదలకపోయినా సరే.

అయితే మీ నడకలో ఒకటి మారాలి, స్పీడు. ఫిట్‌నెస్ కావాలంటే గుండెకి కొంచెం పని పడాలి. టెస్ట్ చాలా తేలిక, నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. మీరు ఇప్పుడు హాయిగా పాట కూడా పాడగలుగుతున్నారంటే స్పీడు చాలట్లేదు. ఇంకోలా చూడాలంటే నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టండి, 100 దాటితే బాగున్నట్టు. 40 నిమిషాలూ అంత స్పీడుగా నడవలేను అనుకుంటే జపాన్‌లో షిన్షూ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షించి చూసిన పద్ధతి ఒకటుంది, 3 నిమిషాలు స్పీడుగా, 3 నిమిషాలు మెల్లగా, అలా ఐదుసార్లు. ఒకే తీరుగా నడిచిన వాళ్ళకంటే ఇలా నడిచిన వాళ్ళకి తొడల్లో బలం పెరిగింది, బీపీ కూడా ఎక్కువ తగ్గింది. మీ ఫ్రెండ్‌ని వదిలేయమనట్లేదు, ఆ మెల్లగా నడిచే 3 నిమిషాల్లో కబుర్లు చెప్పుకోండి, స్పీడు టైమ్‌లో ఇద్దరూ నోరు మూసుకుని నడవండి.

10,000 అడుగులు నడవాలా అని మీరు అడగలేదు కానీ అందరూ అడిగేదే కాబట్టి చెప్తున్నా. ఆ నంబర్ డాక్టర్లు పెట్టింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగులు లెక్కపెట్టే మెషిన్ పేరులోంచి వచ్చింది. దాని గురించి టెన్షన్ పడొద్దు.

షుగర్ కోసం ఇంకో చిన్న మార్పు, భోజనం అయ్యాక, ముఖ్యంగా రాత్రి తిన్నాక, వెంటనే కూర్చోకుండా 10 నిమిషాలు నడవండి. అప్పుడే రక్తంలోకి వస్తున్న గ్లూకోజ్‌ని పని చేస్తున్న కాళ్ళ కండరాలు లాగేసుకుంటాయి, తిన్నాక పెరిగే షుగర్ అంతగా పెరగదు.

మోకాళ్ళ సంగతికొస్తే, భయపడి నడక తగ్గించేస్తే తొడ కండరాలు ఇంకా బలహీనపడి నొప్పి పెరుగుతుంది. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది, కాబట్టి మీరు తగ్గిన ఆ ఒక్క కిలో కూడా మీ మోకాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. వారానికి రెండు మూడు రోజులు కుర్చీ ఎక్సర్‌సైజ్ చేయండి. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి పెట్టుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, మెల్లగా లేచి ఇంకా మెల్లగా కూర్చోవాలి, ధబీమని కూలబడకూడదు, కిందికి దిగేటప్పుడే తొడలకి అసలు పని. పదిసార్లు ఒక సెట్, మొదట్లో రెండు సెట్లు చాలు. నొప్పి పెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. జిమ్‌కి వెళ్ళగలిగితే వెళ్ళండి, మంచిదే, కండరాలకి బలం వస్తుంది, కానీ నడక మానేసి కాదు, నడకతో పాటు.

కాటా రోజూ ఎక్కకండి, వారానికోసారి చాలు. దానికంటే టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుం కొలత ఇవాళే రాసుకోండి, పొద్దున లేవగానే నిమిషానికి పల్స్ ఎంతుందో కూడా రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ ఆ రెండూ చూసి, హెచ్‌బీఏ1సీ టెస్ట్, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, చేయించండి. థైరాయిడ్ టెస్ట్ ఈమధ్య చేయించకపోతే అది కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.

స్పీడు పెంచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. నడుస్తుంటే ఛాతీలో బిగుసుకున్నట్టు ఉన్నా, నొప్పి దవడకో చేతికో పాకినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంటికెళ్ళి పడుకుంటే తగ్గుతుందిలే అని ఊరుకోవద్దు. మోకాలు వాచినా, రాత్రి పడుకున్నా నొప్పి ఉన్నా ఎముకల డాక్టర్‌కి చూపించి ఆ తర్వాతే స్పీడు పెంచండి.