సంఘ సేవకు విదేశీ డబ్బు, నేపాల్ ప్రయాణం: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది సొసైటీగా రిజిస్టరైన క్రైస్తవ సంఘం. ఆదాయపు పన్ను శాఖ వద్ద రిజిస్ట్రేషన్ ఉంది కాని విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేదు. తుఫానులు, వరదలు వచ్చినప్పుడు మా యువకులు బియ్యం, దుప్పట్లు లారీలో వేసుకుని సరిహద్దు దాటి ఒడిశా గ్రామాలకు కూడా వెళ్తుంటారు. గత ఏడాది ఈ పని కోసం అమెరికా పౌరసత్వం తీసుకున్న మా పూర్వ సభ్యుడొకరు, గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మరొక సభ్యుడు పంపిన డబ్బు మా కోశాధికారి సొంత సేవింగ్స్ ఖాతాలో జమ అయింది. అమెరికా సభ్యుడు కోశాధికారి భార్యకు తమ్ముడు కనుక ఆ మొత్తాన్ని బంధువు ఇచ్చిన బహుమతిగా చూపవచ్చని కొందరు పెద్దలు అంటున్నారు. ఆయన డిసెంబరులో మిత్రులతో వచ్చి మా గ్రామ కూటములలో ప్రసంగిస్తానంటున్నారు. వేసవిలో పన్నెండు మందిమి నేపాల్ వెళ్లి, అక్కడి ఒక సంఘం నడుపుతున్న పాఠశాలకు మరమ్మతులు చేసి, సాయంత్రాలు సువార్త కూటములు పెట్టాలనుకుంటున్నాము. అందుకు సంఘ నిధి నుంచి కొంత పంపాలని తీర్మానించాము. జీతం తీసుకోకుండా చేసే సేవకు కూడా ఇన్ని అనుమతులు అవసరమా? — ఒక సంఘ కార్యదర్శి

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందుగా జవాబు చెబుతాను. జీతం తీసుకోకపోవడం వల్ల వేతనాలు, భవిష్యనిధి వంటి కార్మిక చట్టాల బాధ్యతలు సాధారణంగా మీకు వర్తించవు. దానివల్ల కలిగే వెసులుబాటు అంతవరకే. విదేశీ విరాళాల చట్టం డబ్బు ఎవరిదని అడుగుతుంది, ఆదాయపు పన్ను చట్టం ఎక్కడ ఖర్చుపెట్టారని అడుగుతుంది, మోటారు వాహనాల చట్టం లారీలో ఎవరు ఎక్కడ కూర్చున్నారని అడుగుతుంది. సేవ చేసినవారికి జీతం ఇచ్చారా అన్న ప్రశ్న వీటిలో ఏదీ వేయదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం కోశాధికారి ఖాతా. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, సెక్షన్ 11 ప్రకారం సాంస్కృతిక, ఆర్థిక, విద్యా, మత లేదా సామాజిక కార్యక్రమం నడిపే ఏ వ్యక్తి అయినా కేంద్ర ప్రభుత్వం వద్ద రిజిస్ట్రేషన్ లేకుండా, లేదా ఆ ప్రత్యేక విరాళానికి ముందస్తు అనుమతి లేకుండా విదేశీ విరాళం స్వీకరించకూడదు. ఇక్కడ ‘వ్యక్తి’ అన్న మాటలో సంస్థలతో పాటు విడి మనిషి కూడా చేరి ఉన్నాడు. కనుక డబ్బు సొసైటీ ఖాతాలోకి రాలేదు, ఒక మనిషి ఖాతాలోకే వచ్చిందన్న వాదన మిమ్మల్ని కాపాడదు. పైగా లెక్కను దాచే ఉద్దేశంతోనే అలా తెప్పించారన్న అనుమానానికి అదే చోటిస్తుంది.

ఇప్పుడు ఇద్దరు దాతలను విడదీసి చూడాలి. గల్ఫ్ సభ్యుడి చేతిలో భారత పాస్‌పోర్టు ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపి ఉంటే అది విదేశీ విరాళం కిందకు రాదు, ఎందుకంటే విదేశంలో నివసిస్తున్నంత మాత్రాన భారత పౌరుడు విదేశీ మూలం కాడు. ఆయన పాస్‌పోర్టు ప్రతి ఒకటి, బ్యాంకు పత్రం ఒకటి తీసుకుని, ఆ మొత్తాన్ని సొసైటీ ఖాతాకు మార్చి, ఆయన పేర రసీదు రాయండి. అమెరికా సభ్యుడి సంగతి అలా కాదు. ఆయన మీ కళ్లముందు పెరిగిన మనిషే కావచ్చు, మీ సంఘంలోనే బాప్తిస్మం తీసుకుని ఉండవచ్చు, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు కూడా ఉండవచ్చు. కాని పౌరసత్వం మారిన రోజు నుంచి చట్టం దృష్టిలో ఆయన విదేశీ పౌరుడు, ఆయన ఇచ్చే విరాళం విదేశీ విరాళం. ఈ తేడా తెలియక చిక్కుల్లో పడిన సంఘాలను నా వృత్తిలో తరచుగా చూస్తుంటాను.

బంధువు బహుమతి అన్న ఉపాయం జోలికి మాత్రం వెళ్లవద్దు. బంధువు నుంచి వచ్చే సొమ్ముకు చట్టంలో వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే బంధువు ఎవరన్నదానికి ఈ చట్టం కంపెనీల చట్టం ఇచ్చిన నిర్వచనాన్ని ఆశ్రయిస్తుంది, భార్య తమ్ముడు ఆ జాబితాలో లేడు. అదే డబ్బు కోశాధికారి భార్య ఖాతాకు వచ్చి ఉంటే తోబుట్టువు ఇచ్చినదే అవుతుంది కదా అని మీలో చురుకైన వారెవరైనా అడగవచ్చు. అయినా లాభం లేదు. బహుమతి అంటే పుచ్చుకున్నవారి సొంతానికి ఇచ్చినది. వరద సహాయం కోసమని చెప్పి పంపిన డబ్బు, సంఘం పేరుతో పంచిన దుప్పట్లు, ఆ ఫొటోలు పెట్టి దాతకు కృతజ్ఞతలు చెప్పిన వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంటులో ‘ఫ్లడ్ రిలీఫ్’ అని పంపినవారే రాసుకున్న రెండు మాటలు అన్నీ కలిస్తే అది ఎవరి డబ్బో తేల్చడానికి విచారణాధికారికి ఎంతోసేపు పట్టదు. జరిగిన పొరపాటుకు శిక్ష ఒకటైతే, దానికి తప్పుడు పత్రం జోడిస్తే అది వేరే నేరం అవుతుంది.

కనుక నేటి నుంచి అమెరికా నుంచి మరొక రూపాయి రాకుండా ఆపించండి. వచ్చినదానిలో ఖర్చు కాని మొత్తం ఉంటే కదపవద్దు, ముఖ్యంగా సొసైటీ ఖాతాలోకి మార్చవద్దు. ఖర్చయినదానికి బిల్లులు, పంపిణీ జాబితాలు ఒకచోట చేర్చి, ఈ చట్టం కింద పనిచేసిన అనుభవమున్న ఆడిటర్‌ను గాని న్యాయవాదిని గాని కలవండి. సెక్షన్ 35 కింద ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించే అవకాశం ఉన్న మాట దాచను. అదే చట్టంలోని సెక్షన్ 41 కింద, కోర్టులో కేసు నమోదు కాకముందే తప్పును ఒప్పుకుని రుసుము చెల్లించి రాజీ చేసుకునే మార్గం కూడా ఉంది. మీరే ముందుగా వెళ్లడానికీ నోటీసు వచ్చాక వెళ్లడానికీ చాలా తేడా ఉంటుంది. కోశాధికారి ఒక్కడి మీదకు దీనిని నెట్టే ప్రయత్నం చేయవద్దని కూడా చెబుతున్నాను, ఎందుకంటే ఆ డబ్బుతో కొన్న బియ్యం పంచింది సంఘం.

ముందు ముందు విదేశీ విరాళాలు కావాలంటే రిజిస్ట్రేషన్ కోరవచ్చు. దానికి సంస్థ కనీసం మూడేళ్లుగా ఉండి, గత మూడు ఆర్థిక సంవత్సరాలలో తన ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షల రూపాయలకు తక్కువ కాకుండా ఖర్చుపెట్టి ఉండాలి. రిజిస్ట్రేషన్ వచ్చాక విరాళాలు ముందుగా న్యూఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఇంత తతంగం ఎందుకు, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందామనే ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. 2020 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరొకరికి బదిలీ చేయకూడదు. ఆ సంస్థ తానే సామగ్రి కొని తానే లెక్క రాసుకుని పంచుతున్నప్పుడు మీ యువకులు వెళ్లి మూటలు మోసి సాయపడితే నాకు అభ్యంతరం కనిపించదు. విదేశాల నుంచి వచ్చే దుస్తుల పెట్టెలు, మందులు కూడా విరాళమేనని, చట్టం డబ్బుకు మాత్రమే పరిమితం కాదని గుర్తుంచుకోండి.

ఇక లారీ. వరద గ్రామాలకు బయలుదేరే లారీని ఎప్పుడైనా గమనించండి: కింద బియ్యం బస్తాలు, వాటిపై దుప్పట్ల కట్టలు, ఆ కట్టలపై ఎనిమిదిమందో పదిమందో కుర్రాళ్లు. ఆ లారీ బోల్తా పడితే బీమా కంపెనీ చెల్లించదు. సరుకు వాహనంలో ఉచితంగా ప్రయాణించేవారికి పరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. అప్పుడు పరిహారం భారం లారీ యజమాని మీద, డ్రైవరు మీద పడుతుంది, యాత్రను ఏర్పాటు చేసిన మీ సంఘాన్ని కూడా కోర్టుకు ఈడ్చే అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ వల్ల సరుకు యజమానికి, లేదా అతను అధికారమిచ్చిన ప్రతినిధికి మాత్రం రక్షణ ఉంది. అందుచేత సంఘం లెటర్‌హెడ్ మీద ఒకరి పేర అధికార పత్రం రాసి అతనిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి పంపండి, మిగిలినవారు బస్సులో వెళ్లాలి. స్వచ్ఛంద సేవకులు ఉద్యోగుల పరిహార నిబంధనల కిందకు సాధారణంగా రారు కనుక, యాత్రకు ముందు అందరి పేర సామూహిక ప్రమాద బీమా తీసుకోవడం మంచిది. ఆ ప్రీమియం సంఘ నిధి నుంచి కట్టవచ్చు.

ఒడిశాలో అడుగుపెట్టిన తర్వాత మరొక జాగ్రత్త అవసరం. ఆ రాష్ట్రంలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం అమలులో ఉంది. అందులో ప్రలోభమన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో నగదు గాని వస్తువు గాని బహుమతిగా ఇవ్వజూపడం కూడా చేరింది. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కును ఇచ్చినా, ఆ హక్కులో మరొకరిని మతం మార్పించే హక్కు ఇమిడి లేదని 1977లో స్టెయిన్‌స్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెబుతూ ఈ చట్టాన్ని సమర్థించింది. దుప్పటి మడతలో కరపత్రం పెట్టి ఇవ్వడం మీ దృష్టిలో సహజమైన ఆప్యాయత కావచ్చు. ఫిర్యాదు చేసేవాడి చేతిలో ఆ మడతే సాక్ష్యమవుతుంది. సహాయక సామగ్రిలో కరపత్రాలు వద్దు, పంపిణీ జరిగేచోట ప్రార్థన కూటము వద్దు. జాబితా రాసేటప్పుడు మతం అడగవద్దు.

డిసెంబరు అతిథుల విషయం క్లుప్తంగా చెబుతాను. పర్యాటక వీసాపై వచ్చిన విదేశీయుడు మీ ఆరాధనకు వచ్చి కూర్చోవచ్చు, పాటలు పాడవచ్చు, కాని వేదికనెక్కి ప్రసంగించడం ఆ వీసా షరతులను దాటడమే. అందుకు మిషనరీ వీసా వేరే ఉంది. ఓసీఐ కార్డు ఉన్నవారు వీసా అక్కరలేదు కనుక తమకు అడ్డు లేదనుకుంటారు. 2021 మార్చి 4 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం మిషనరీ కార్యకలాపాలకు వారు కూడా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా ఆయన పేరు వక్తగా అచ్చు వేయించి గోడలకు అంటిస్తే నష్టపోయేది ముందుగా ఆయన కార్డు.

నేపాల్ ప్రయాణానికి భారతీయులకు వీసా అక్కరలేదు. అందువల్లనే చాలామంది దానిని పొరుగు రాష్ట్రంలా భావిస్తారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. మన 25వ అధికరణం సరిహద్దు వరకే మీతో వస్తుంది. నేపాల్ రాజ్యాంగంలోని 26వ అధికరణం ఒకరి మతాన్ని మరొకరు మార్పించడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమలులో ఉన్న వారి శిక్షాస్మృతి సెక్షన్ 158 మత మార్పిడి చేయించడాన్ని, అందుకు ప్రయత్నించడాన్ని, ప్రోత్సహించడాన్ని నేరంగా పేర్కొని ఐదేళ్ల వరకు జైలు, యాభై వేల నేపాలీ రూపాయల వరకు జరిమానా నిర్ణయించింది. ప్రలోభం చూపకపోయినా, మరొకరి విశ్వాసాన్ని దెబ్బతీసే ఉద్దేశంతో చేసే ప్రచారం కూడా అందులోకి వస్తుంది. నేరం చేసినవాడు విదేశీయుడైతే శిక్ష పూర్తయిన ఏడు రోజులలో దేశం నుంచి పంపివేస్తారు. పగలు పాఠశాల పైకప్పు బాగుచేసి సాయంత్రం బహిరంగ సువార్త కూటము పెడితే, మీరు వెళ్లిపోయాక కూడా ఆ ఊళ్లోనే ఉండవలసిన స్థానిక సంఘం మెడకు అది చుట్టుకుంటుంది. నా సలహా నిర్మొహమాటంగా చెప్పాలంటే మరమ్మతులకు వెళ్లండి, ఆదివారం వారి ఆరాధనలో సాధారణ విశ్వాసులుగా పాల్గొనండి, సాయంత్రపు కూటముల ఆలోచన మానుకోండి.

బృందంలో పదిహేను నుంచి అరవై అయిదేళ్ల మధ్య వయసువారికి సరిహద్దు వద్ద ఆధార్ కార్డు ప్రయాణ పత్రంగా చెల్లదు. పాస్‌పోర్టు గాని ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని వెంట ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ఈ యాత్రకు తీసుకువెళ్లకపోవడమే మేలు. తప్పదనుకుంటే తల్లిదండ్రుల ఇద్దరి లిఖిత సమ్మతి తీసుకోండి.

సంఘ నిధి నుంచి నేపాల్‌కు డబ్బు పంపాలన్న తీర్మానాన్ని అమలు చేయకండి. ఆదాయపు పన్ను చట్టంలో ధార్మిక సంస్థలకిచ్చే మినహాయింపు ఆదాయాన్ని భారతదేశంలో ఖర్చుపెట్టినప్పుడు వర్తిస్తుంది. దేశం వెలుపల ఖర్చుకు, 1961 నాటి చట్టం సెక్షన్ 11(1)(సి) ప్రకారం, భారతదేశానికి ఆసక్తి ఉన్న అంతర్జాతీయ సంక్షేమానికే అయినా కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఉత్తర్వు కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక ఏ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలో మీ ఆడిటర్ సరిచూస్తారు. ఉత్తర్వు లేకుండా పంపితే ఆ మొత్తానికి మినహాయింపు పోతుంది. ఇది కాక, నేపాల్ ప్రయాణానికి, అక్కడివారితో లావాదేవీలకు విదేశీ మారకం తీసుకోవడాన్ని 2000 నాటి విదేశీ మారక నియమాలు నిషేధిస్తున్నాయి కనుక డాలర్లు కొనే ప్రయత్నం కూడా చేయవద్దు. వెళ్లే పన్నెండు మంది ఎవరి ఖర్చు వారు తమ సొంత సొమ్ములోంచి రూపాయలలో పెట్టుకుంటే సంఘం పన్ను లెక్కకు ఈ యాత్రతో సంబంధమే ఉండదు. అక్కడి సంఘానికి సభ్యులెవరైనా వ్యక్తిగతంగా సాయం చేయదలిస్తే, ఆ సంస్థ విదేశీ సహాయం పొందడానికి నేపాల్ సాంఘిక సంక్షేమ పరిషత్ ఆమోదం తీసుకుందో లేదో ముందుగా వారినే లిఖితపూర్వకంగా అడగండి.

టిక్కెట్లు కొనకముందు ఇంకొక్క పని ఉంది. మీ సొసైటీ మెమోరాండంలో ఉద్దేశాల పేరా తీసి చదవండి. పని పరిధి ఒక జిల్లా అనో ఒక రాష్ట్రమనో రాసి ఉంటే ఒడిశా సహాయం కూడా ఇన్నాళ్లూ ఆ పరిధి దాటే జరిగినట్టు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సర్వసభ్య సమావేశంలో సవరణ ఆమోదించి రిజిస్ట్రార్ వద్ద దాఖలు చేసుకోండి. అదే సమావేశంలో, సంఘం పేర వచ్చే ఏ సొమ్మైనా సొసైటీ ఖాతాకే రావాలని తీర్మానం రాయించి, కోశాధికారి చేత, పాస్టర్‌గారి చేత సంతకాలు పెట్టించండి.