వేడెక్కితే న్యూట్రల్ పడట్లేదా?

ప్రశ్న: పాత బండి. ఇంజిన్ వేడెక్కాక న్యూట్రల్ పడట్లేదు, ఆపేస్తే వెంటనే పడుతోంది. వెనక డ్రమ్ బ్రేక్ కూడా సరిగా పట్టట్లేదు. గేర్‌బాక్స్ విప్పించాలా?

జవాబు: అప్పుడే వద్దండి. ఆపగానే పడుతోందంటే అనుమానం క్లచ్ మీదే. అది పూర్తిగా విడవట్లేదు. చాలా బళ్లకు క్లచ్ లివర్ చివర 10–20 మి.మీ. ప్లే (కేబుల్ బిగిసేలోపు ఉండే వదులు) ఉండాలి, అలా కేబుల్ సర్దండి. కేబుల్ పోగులు తెగి ఉంటే మార్చేయడమే. అయినా తగ్గకపోతే క్లచ్ కవర్ విప్పించి, లోపలి స్టీల్ ప్లేట్లను అద్దం మీద పెట్టి వంపు చూడండి. ప్లేట్లు కూర్చునే గిన్నె, అంటే బాస్కెట్, పళ్లకు గాట్లు పడినా ప్లేట్లు అక్కడే ఇరుక్కుంటాయి.

బ్రేక్ షూ లైనింగ్ మందం 2 మి.మీ.కి అరిగితే కొత్తవి వేయించండి. నూనె అంటిన షూలను గీకి మళ్లీ వాడొద్దు, చాలా ప్రమాదం. షూలను తెరిచే క్యామ్‌కు గ్రీజు పలచగా రాస్తే చాలు.