గల్లాలో దొరికిన తప్పు నాణేలు: దాచాలా, ఇంకా కొనాలా?

ప్రశ్న: సార్, జడ్చర్లలో మాది కిరాణం దుకాణం. చిల్లరలో వచ్చే అచ్చు సరిగా పడని నాణేలు, గీతలున్నవి, నక్షత్రం గుర్తువి మా అబ్బాయి మూడేండ్ల నుంచి ఏరి పెడుతున్నాడు. అన్నీ కలిపి 1,800 రూపాయలుంటాయి. ఇప్పుడు చిట్టీ ఎత్తిన డబ్బులో 30,000 పెట్టి ఇలాంటివే ఇంకా కొందామంటున్నాడు. పదేండ్లకు లక్షలొస్తాయట. కొనమంటారా?

జవాబు: కొనకండి. ఏరి పెట్టినవాటిని మాత్రం ఒక పూట ఇద్దరూ కూర్చొని చూడండి.

ముందు నక్షత్రం సంగతి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాల నాణెం. ఒకప్పుడు సైఫాబాద్‌లో ఉండేది, ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. ముంబైకి వజ్రం గుర్తు, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు గుర్తే ఉండదు. మన పాలమూరులో హైదరాబాద్ నాణెం దొరకడం వింత కాదు. అవన్నీ మళ్లీ గల్లాలో వేసేయండి.

సన్నటి ఉబ్బు గీతలున్నవి కూడా అంతే. అచ్చుకు చీలిక పడితే, దాన్ని మార్చేదాకా కొట్టిన ప్రతి నాణెం మీదా అదే గీత పడుతుంది. మీ చేతిలో ఉన్నదానికి తోబుట్టువులు వేలల్లో ఉండొచ్చు. అంకె మసకబారినవి, అంచు ఒకవైపు లావుగా ఉన్నవి కూడా అరుదేమీ కావు. ఫోన్లో ఫొటోలు పెట్టి ఎక్కువగా అమ్మజూపేది ఇలాంటివే.

సేకరించేవాళ్లు నిజంగా అడిగేవి వేరు. కొట్టిన నాణెం ఒక్కోసారి అచ్చుకే అంటుకుపోతుంది. అప్పుడు తర్వాతి ఖాళీ బిళ్ల మీద ఒకవైపు బొమ్మ మామూలుగా పడి, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి లోపలికి దిగుతుంది. దీన్ని బ్రోకేజ్ అంటారు. బొమ్మ సగం పక్కకు జరిగి, సంవత్సరం మాత్రం కనబడుతున్న నాణేనికీ గిరాకీ ఉంటుంది. ఇంకో పరీక్ష: పైన చూపుడువేలు, కింద బొటనవేలు పెట్టి సింహాలు నిటారుగా ఉండేలా నాణేన్ని పట్టుకొని, అలాగే పక్కకు తిప్పండి. వెనక అంకె కూడా నిటారుగా నిలవాలి. కొంచెం వాలితే వదిలేయండి, పూర్తిగా తలకిందులైతే పక్కన పెట్టండి.

కొనేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. రెండు నాణేలను వైసులో, అంటే వర్క్‌షాపుల్లో వాడే ఇనుప బిగింపులో, పెట్టి బిగించినా అద్దంలోలా తిరగబడ్డ బొమ్మ వస్తుంది. అలా చేసినదానికి రెండోవైపు నలిగి చదునవుతుంది. అది ఫొటోలో తెలియదు.

ఇక లెక్క. గల్లాలో దొరికిన అయిదు రూపాయల బిళ్ల ఎవరూ కొనకపోయినా అయిదు రూపాయలే, ఉప్పు ప్యాకెట్ బేరంలో చెల్లిపోతుంది. దాన్నే 300 పెట్టి కొంటే, కొనేవాడు దొరకని రోజున 295 పోయినట్టే. 30,000 ఏడు శాతం చక్రవడ్డీకి పదేండ్లలో దాదాపు 59,000 అవుతుంది. అంతెందుకు, దసరా ముందు ఆ డబ్బుతో నూనె, చక్కెర దింపితే ఎన్నిసార్లు తిరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

మరొక్క మాట, ఇది మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. లక్షలిస్తామని ఫోన్ చేసి ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత పన్ను, ఆ తర్వాత కమీషన్ అడిగేవాళ్లున్నారు. నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు గారు అలా విడతలవారీగా కట్టి, చివరికి ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోయారు. ఇలాంటి లావాదేవీలు తాము చేయబోమనీ, కమీషన్ అడగబోమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4నే హెచ్చరించింది. ఆ పేరు చెప్పి అడిగినా రూపాయి పంపొద్దు.

ఏరడం మానమని అనను. అబ్బాయికి చూపు పదునెక్కుతోంది, పైగా దానికి ఖర్చు లేదు. పది పదిహేను మంచివి ఉంచి, ఒక్కోదాన్ని విడిగా కాగితంలో చుట్టండి. మెరుస్తాయని చింతపండుతో తోమొద్దు, ఉన్న విలువా పోతుంది. హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శన జరిగినప్పుడు తీసుకెళ్లి, మీ ధర చెప్పకుండా ఇద్దరు ముగ్గురు వ్యాపారులను ఎంతకు కొంటారో అడిగి చూడండి.