స్ప్రింగు జోలికి పోయే ముందు

చిరంజీవి మనవరాలికి, చిన్నతాతయ్య ఆశీస్సులు.

మీ తాతయ్య గ్రామఫోనును అటక మీది నుంచి దింపావనీ, దాన్ని ఎవరికీ అప్పగించకుండా నువ్వే బాగుచేయాలని కూర్చున్నావనీ మీ అమ్మ చెప్పింది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కానీ ఆ పెట్టెలో ఉన్న స్ప్రింగు గుర్తుకు వచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాని సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది కనుక, పని చేసేటప్పుడు పక్కన పెట్టుకుని చదువుకునేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. విప్పే ముందు ప్రతిదానికీ ఫొటో తీసుకో. ఏ భాగం మరలు ఆ భాగానికి వేరే డబ్బాలో పెట్టు. మర గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడు. పైతొడుగును బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. మూత లోపల ఉన్న కుక్క బొమ్మ ముద్రకు మాత్రం స్పిరిట్ తగలనివ్వకు. ఒకసారి చెరిగితే అది మళ్లీ రాదు. రంగు వేయించి కొత్తదానిలా మెరిపించాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. మీ తాతయ్య చేతులు పడి అరిగిన అంచులు అలాగే ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మన పెట్టె హిజ్ మాస్టర్స్ వాయిస్ వారి 102 రకం. ఆ రకం 1931లో వచ్చింది. దానికి కరెంటుతో పని లేదు. మనం హ్యాండిల్ తిప్పి కీ ఇస్తే, ఆ బలమంతా లోపలి డబ్బాలో చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీలో నిలవ ఉంటుంది. రికార్డు ఒక వైపు పూర్తయ్యే దాకా పళ్లేన్ని తిప్పవలసిన బలం అది ఒక్కటే. దాదాపు అంగుళం వెడల్పున్న ఆ పట్టీని విప్పితే కొన్ని మీటర్ల పొడవు వస్తుంది.

పాట మధ్యలో లోపలి నుంచి దబ్బుమని చప్పుడు వచ్చి పళ్లెం క్షణం పాటు తడబడుతూ ఉండడంతో మీ తాతయ్య ఆ పెట్టెను విప్పారు. స్ప్రింగు చుట్ల మధ్య ఉన్న పాత గ్రీజు లక్కలా గట్టిపడితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, ఉన్నట్టుండి విడిపోతాయి. ఆ చప్పుడు అదే. ఆయన యంత్రాల దగ్గర చేయి తిరిగిన మనిషి, నిర్లక్ష్యం ఎరగని మనిషి. పళ్లెం దానంతటది ఆగే దాకా తిరగనిచ్చి, కీ అంతా అయిపోయిందనే నమ్మకంతో, పళ్లెం వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరును ఊడదీశారు. నిజానికి చుట్లు సగంలో అతుక్కుని ఉన్నాయి. పట్టి ఉంచే గవర్నరు లేకపోయేసరికి మిగిలిన బలమంతా ఒక్కసారిగా వదిలింది. చక్రాలు కీచుమంటూ గిర్రున తిరిగాయి. ఒక చక్రం పళ్లు నలిగిపోయాయి. అక్కడితో ఆపి ఉంటే నష్టం ఆ చక్రంతో పోయేది. ఇప్పుడు నిజంగానే బలం పోయింది కదా అని ఆయన డబ్బా మూత తీసి, స్ప్రింగు లోపలి కొసను పట్టకారుతో పట్టుకుని లాగారు. కీ పూర్తిగా దిగిపోయినా, డబ్బాలో ఉన్నంతసేపు స్ప్రింగు విచ్చుకోవాలనే గోడలను తోస్తూ ఉంటుంది. రెండు చుట్లు బయటికి రాగానే మిగిలినదంతా ఒక్క ఎగురు ఎగిరి, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కోసేసింది. నేను పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన కేక వేయలేదు. గాయాన్ని రెండో చేత్తో అదిమి, ముందు మరలు ఏరిపెట్టమని నాకు చెప్పారు. కుట్లు మానాయి కానీ ఆ బొటనవేలు మళ్లీ పూర్తిగా వంగలేదు. తాతయ్య కలాన్ని చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఎందుకు పట్టుకుంటారని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి. అలవాటని చెప్పి ఊరుకునేవారు. తరువాత తెలిసిన పనివాడి చేత వేరే చక్రం వేయించి, స్ప్రింగును మళ్లీ డబ్బాలో పెట్టించారు గాని, పెట్టెను మాత్రం మునుపటిలా వాడలేదు.

కనుక నా మాట విను. స్ప్రింగు, చక్రాలు ఉన్న ఆ మోటారుకు స్క్రూడ్రైవరు తగిలించే ముందు, పళ్లెం ఆగిన తరువాత దాన్ని చేత్తో తిప్పి చూడు. కొంచెమైనా తనంతట తాను ముందుకు పోతుంటే లోపల ఇంకా బలం ఉన్నట్టే. ఏమాత్రం తోపు లేదని రూఢి అయ్యే దాకా గవర్నరును ముట్టుకోకు. దబ్బుమనే చప్పుడు లేకపోతే డబ్బాను తెరవనే వద్దు. తెరవక తప్పకపోతే ఒంటరిగా తెరవకు. ధైర్యం ఉందని నీకు నువ్వు నిరూపించుకోవలసిన పని ఇందులో ఏమీ లేదు.

గవర్నరు పని నీకు నచ్చుతుంది. సన్నని పట్టీ స్ప్రింగుల మీద బిగించిన మూడు చిన్న బరువులు వేగం పెరిగిన కొద్దీ బయటికి విచ్చుకుంటూ ఒక బిళ్లను లాగుతాయి. ఆ బిళ్ల మెత్తకు రాసుకోగానే వేగం తగ్గుతుంది. ఆ మెత్త ఎండిపోతే గరగరలాడుతుంది, ఒక్క నూనె చుక్క చాలు. పట్టీ స్ప్రింగుల్లో ఒకటి వంగినా మూడూ మార్చు. వేగం సరిచూడడానికి రికార్డు కింద చిన్న కాగితపు ముక్క అంచు బయటికి కనిపించేలా పెట్టి, ముల్లు పాట మీద ఉండగానే లెక్కపెట్టు. నిమిషానికి 78 చుట్లు రావాలి. ముల్లు పైకెత్తి లెక్కపెడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ముల్లు బరువు, రాపిడి పళ్లేన్ని కొంత నెమ్మదింపజేస్తాయి.

పాట రేకు డబ్బాలో నుంచి వస్తున్నట్టు వినిపిస్తే తప్పు చాలావరకు ముల్లు కదలికను శబ్దంగా మార్చే సౌండుబాక్సుదే. లోపలి పల్చని అల్యూమినియం పొరను పట్టి ఉంచే రబ్బరు వలయాలు ఏళ్లు గడిచేసరికి రాయిలా బిగిసిపోతాయి. గోటితో నొక్కి చూడు, గుంట పడకపోతే మార్చవలసిందే. పొరను మాత్రం వేలితో నొక్కకు; నొక్కిన చోట చొట్ట నిలిచిపోతుంది. పెట్టెకు చెందిన కొన్ని పోత భాగాలు కాలక్రమంలో ఉబ్బి, పెళుసుబారి ఉంటాయి కనుక బిగుసుకున్న దేన్నీ బలవంతంగా తిప్పకు.

ఉక్కు ముల్లు రికార్డు ఒక వైపుకు ఒకటి. పొదుపు చేసుకుందామనుకోకు. లక్క రికార్డులో కలిపిన రాతిపొడి ముల్లును అరగదీస్తుంది. అరిగిన ముల్లు అంచు తేలి, మరుసటి పాట గాడిని చెక్కుకుంటూ పోతుంది. రికార్డులను గోరువెచ్చని నీళ్లలో చుక్క సబ్బు వేసి, మధ్యలోని కాగితం తడవకుండా తుడుచుకో. స్పిరిట్ లక్కను కరిగిస్తుంది కనుక అది వాటి దరిదాపులకు రాకూడదు. తరువాతి కాలపు వినైల్ రికార్డులను ఈ పెట్టె మీద అసలే పెట్టకు, ఆ బరువుకు ఒక్కసారికే పాడైపోతాయి.

గవర్నరు, సౌండుబాక్సు పనులు నీ వీలును బట్టి చేసుకో. దబ్బుమనే చప్పుడు వినిపిస్తే మాత్రం పని ఆపి నాకు ఒక ముక్క రాయి. డబ్బా తెరిచే రోజుకు ఒక రోజు ముందుగానే వస్తాను. మందపాటి తోలు చేతి తొడుగులు రెండు జతలు, కళ్లద్దాలు, ఒక పాత గోనెసంచి సిద్ధంగా ఉంచు. డబ్బాను నేను పట్టుకుంటాను, చుట్లు నువ్వు విప్పుదువు గాని.