కారులో పెట్రోల్ ఎన్ని లీటర్లుందో ముల్లు కచ్చితంగా ఎందుకు చూపించదు?

చేతకాక కాదు, అంకె చూపిస్తే మనం ఊరుకోం కాబట్టి. "నలభై పోయించాను, ముప్పై తొమ్మిదే చూపిస్తోంది" అని రోజూ ఎవరో ఒకరు పంచాయితీ పెడతారు. ముల్లుతో ఆ గొడవ లేదు.

అసలు ట్యాంకులో లీటర్లను కొలవరు, మట్టాన్ని కొలుస్తారు. పెట్రోల్ మీద ఒక ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. దాని కడ్డీ పైకీ కిందికీ కదిలితే సెన్సర్ రెసిస్టెన్స్ (కరెంటుకు అది పెట్టే అడ్డు) మారుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ట్యాంకు నలుచదరపు డబ్బా అయితే లెక్క సులువే. కానీ సీటు కింద, సైలెన్సర్ పైపు పక్కన ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఇరికించడానికి దాన్ని వంకరటింకరగా చేస్తారు. అంగుళం మట్టం తగ్గితే అడుగున పోయే లీటర్లు వేరు, పైన పోయేవి వేరు.

ఒకసారి మా బావమరిదితో కలిసి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాను. పావు ట్యాంకు ఉందని బయల్దేరాం. ఎక్కేకొద్దీ ముల్లు దిగుతోంది. వాడు రోడ్డు చూడ్డం మానేసి దాన్నే చూస్తున్నాడు. "బావా, ఎక్కడో లీకవుతోంది, ఆపు!" అని ఒకటే టెన్షన్. ఆపితే దిగి బండి కిందికి దూరి వాసన కూడా చూశాడు. ఏమీ లేదు. పైకెక్కి చదునుగా ఉన్న చోట కాసేపు నిలిపితే ముల్లు మెల్లగా మళ్లీ పావు దగ్గరికొచ్చింది. దిగేటప్పుడైతే అంతకంటే ఎక్కువే చూపించింది. ఎత్తు ఎక్కుతుంటే పెట్రోల్ వెనక్కి జరుగుతుంది, మా బండిలో ఫ్లోట్ ముందువైపు ఉన్నట్టుంది, అంతే. చిన్న చిన్న కుదుపులకు ముల్లు ఊగకుండా దాన్ని కావాలనే మందకొడిగా చేస్తారు గానీ, అంతసేపు ఏటవాలుగా పోతే అదేం చేస్తుంది?

పైగా పెట్రోల్ వేడికి ఉబ్బుతుంది. యాభై లీటర్లు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక లీటరు పెరిగినట్టే. ఇందులో ఏది "కచ్చితం" అంటారు? ఇంధనం బరువు తెలియాల్సిన విమానాల్లో ట్యాంకు నిండా సెన్సర్లు పెడతారు. మనకి ఎందుకండీ ఆ ఖర్చు?

ముల్లు అడుగుకొచ్చాక కూడా కొంత మిగిలేలా పెట్టడం మాత్రం మంచి పని. పెట్రోల్‌ని ఇంజన్‌కి తోడే పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. చివరి చుక్క దాకా నడిపేవాళ్లు పంపును కాల్చుకుంటున్నారు.

నా అసలు కోపం "ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చు" అని చూపించే అంకె మీద. అది ఇంతవరకు మనం నడిపిన తీరును బట్టి వేసే అంచనా. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పడిపోతుంది, హైవే ఎక్కితే పెరుగుతుంది. కొన్ని కార్లలో అయితే పెట్రోల్ బాగా తగ్గి, ఆ అంకె నిజంగా అవసరమైనప్పుడే దాన్ని తీసేసి గీతలు చూపిస్తారు!