సమతాస్థితి లెక్కల్లో తప్పు ఎక్కడ జరుగుతుంది?

"సూత్రాలన్నీ కంఠతా వచ్చినా రసాయన సమతాస్థితి లెక్కల్లో జవాబు ఎందుకు తప్పుతోంది?" అని అడిగారు. చాలాకాలంగా ఈ పాఠం చెబుతున్నవాడిగా నా అభిప్రాయం ఒక్కటే: తప్పు గణితంలో ఉండదు, చర్య ఎటు సాగాలో తేల్చుకోకుండా తొలి గాఢత, మార్పు, చివరి గాఢతల పట్టిక వేయడంలో ఉంటుంది.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి ఈ లెక్క ఇచ్చాను. ఒక లీటరు పాత్రలో హైడ్రోజన్, అయొడిన్ ఒక్కో మోల్, హైడ్రోజన్ అయొడైడ్ 10 మోల్‌లు ఉన్నాయి. హైడ్రోజన్, అయొడిన్ కలిసి హైడ్రోజన్ అయొడైడ్‌గా మారే ఈ చర్యకు కేసీ (సమతాస్థితి స్థిరాంకం, అంటే సమతాస్థితిలో హైడ్రోజన్ అయొడైడ్ గాఢత వర్గాన్ని మిగిలిన రెండింటి గాఢతల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) విలువ 49. ఆమె అలవాటు ప్రకారం ముందుకు సాగే చర్యలో ఖర్చయ్యే మోల్‌లను ఎక్స్ అనుకుని, మొదటి రెండింటికి '1 - ఎక్స్' అనీ, మూడోదానికి '10 + 2ఎక్స్' అనీ రాసి, ఇరువైపులా వర్గమూలం తీసి, ఎక్స్ విలువ -1/3 అని తేల్చింది. రుణ సంఖ్య కనబడగానే కంగారుపడి, పేజీ అంతా కొట్టేసి, మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ అదే వచ్చింది. నిజానికి ఆమె కొట్టేసినదే సరైన జవాబు. మొదట ఉన్న గాఢతలను కేసీ సూత్రంలోనే వేసి చర్యా భాగఫలం కట్టి ఉంటే 100 వచ్చేది. అది 49 కంటే ఎక్కువ కాబట్టి చర్య వెనక్కే నడవాలని, రుణ గుర్తు చెబుతున్నది ఆ సంగతేనని అప్పుడే తెలిసేది. చివరకు హైడ్రోజన్ అయొడైడ్ 9.33, మిగిలినవి ఒక్కొక్కటి 1.33 మోల్‌లు ఉంటాయి, 9.33ను 1.33తో భాగిస్తే 7, దాని వర్గం 49.

అభ్యాసాలలో ఎక్కువ భాగం క్రియాజనకాలతో (చర్య జరిపే పదార్థాలతో) మాత్రమే మొదలవుతాయి, అందుకే చర్య ఎప్పుడూ ముందుకే పోతుందన్న నమ్మకం పిల్లల్లో పాతుకుపోతుంది. దీనికి నేను అభ్యాసాలు కూర్చేవారినే తప్పుపడతాను.

'ఎక్స్ చాలా చిన్నది, వదిలేయండి' అని కారణం చెప్పకుండా నేర్పడం కూడా నాకు నచ్చదు. కేఏ (ఆమ్ల అయనీకరణ స్థిరాంకం) 1.8 × 10⁻⁵ ఉన్న ఎసిటిక్ ఆమ్లం 0.1 మోలార్ ద్రావణంలో సుమారు 1.3 శాతమే అయనీకరణం చెందుతుంది కాబట్టి అక్కడ వదిలేయవచ్చు. అదే ఆమ్లాన్ని 0.0001 మోలార్‌కు పలచన చేస్తే ఆ దగ్గరిదారి 42 శాతమని చూపిస్తుంది, వర్గ సమీకరణం సాధిస్తే వచ్చేది సుమారు 34 శాతమే. వదిలేసిన ఎక్స్‌ను చివర్లో తొలి గాఢతతో పోల్చి చూడండి. 5 శాతం దాటితే వర్గ సమీకరణం సాధించక తప్పదు.