కీబోర్డులు, బడ్జెట్ ల్యాప్‌టాప్‌లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడు బీకాం కంప్యూటర్స్‌లో చేరింది. 35 వేలకు అటూ ఇటూగా ల్యాప్‌టాప్ కొనాలి. షాపులో ఒకే ధరకు రెండు చూపించారు. ఒకటి ఇంటెల్ ఐ3 1215యూ, రెండోది రైజెన్ 5 7520యూ. రెండూ 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. మూడు కంటే అయిదు పెద్దది కాబట్టి రైజెన్ తీసుకోమంటున్నారు. ఏది తీసుకోమంటారు?
(ఒక తండ్రి, నరసరావుపేట)

జవాబు: ఐ3 తీసుకోండి. రైజెన్ 7000 వరసలో అసలు గుట్టు మూడో అంకెలో ఉంటుంది. 7520లో ఆ అంకె 2. అంటే లోపల ఉన్నది జెన్ 2 రకం కోరు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగం), 2019 నాటి డిజైను. అవీ నాలుగే. అదే 7530యూ అయితే మూడో అంకె 3, అది జెన్ 3, కోర్లు ఆరు. పెట్టె మీద రెండూ 'రైజెన్ 5' అనే ఉంటాయి, షాపులో ఆ మాటే చెబుతారు. 1215యూలో రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు ఉంటాయి. ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్ లాంటి పనుల్లో ఆ పెద్ద కోర్లే చురుగ్గా కదులుతాయి. అలాగని ఐ3 అన్న ప్రతిదాన్నీ నమ్మకండి. ఐ3 ఎన్305 అని ఒకటి వస్తోంది. అందులో ఎనిమిదీ చిన్న కోర్లే. సెలెరాన్ ఎన్4020, ఎన్4500 లాంటివి రెండు కోర్ల సరుకు, డిగ్రీ చదువుకు ఎంత చవకైనా వద్దు.

రెండో కారణం ప్రాసెసర్ కంటే ముఖ్యం. 7520యూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. ఈ రోజు 8 జీబీ కొంటే మూడేళ్ల తర్వాతా 8 జీబీయే. అందులోంచి తెర బొమ్మల కోసం గ్రాఫిక్స్ తన వాటా తీసుకుంటుంది. 1215యూ మోడళ్లలో చాలావాటికి ర్యామ్ గుచ్చే స్లాటు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. షాపులో ఆన్ చేసి ఉన్న పీసులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద 'ఫామ్ ఫ్యాక్టర్' అని ఉంటుంది. దాని ఎదురుగా సోడిమ్ అని ఉంటే అది ఊడదీసి మార్చుకోదగ్గ ర్యామ్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే సాధారణంగా అతికించినదే. 8 జీబీ అతికించి, పక్కన ఒక స్లాటు ఖాళీగా ఉన్న మోడల్ దొరికితే మంచి బేరం. తర్వాత మరో 8 వేస్తే రెండు చానళ్లూ పనిచేసి వేగం కూడా పెరుగుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఆ రెండో 8 ఎంతవుతుందో ఇప్పుడే అడిగి లెక్క వేసుకోండి.

ఇక తెర. ఫుల్ హెచ్‌డీ కంటే తక్కువది వద్దు. ఫుల్ హెచ్‌డీలోనూ టీఎన్, ఐపీఎస్ అని రకాలు. ఏ పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది ఐపీఎస్. కాగితం చూడక్కర్లేదు, మనిషి ముఖం ఉన్న ఫొటో ఒకటి తెరిచి మూతను ముందుకూ వెనక్కీ వంచండి. రంగులు తిరగబడి నెగెటివ్‌లా కనిపిస్తే అది టీఎన్. రోజుకు నాలుగు గంటలు చదివే పిల్లకు అది కొనివ్వకండి. కీబోర్డు మధ్యలో జి, హెచ్, బి కీల మీద రెండు వేళ్లతో గట్టిగా అదిమి చూడండి. పలకంతా కిందికి దిగిపోతే కొన్నాళ్లకు టైపింగ్ విసుగు పుట్టిస్తుంది. పవర్ బటన్ డిలీట్ కీ పక్కనే ఉందేమో కూడా చూసుకోండి.

ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఉచితమని చెబితే, దాన్ని మీ అమ్మాయి సొంత మెయిల్ ఐడీతోనే యాక్టివేట్ చేయించండి. షాపు కుర్రాడు తొందరలో తన మెయిలుతో చేసేస్తే ఆ లైసెన్సు అతని అకౌంటుకే అంటుకుపోతుంది. ల్యాప్‌టాప్ అడుగున, పెట్టె మీద, బిల్లులో సీరియల్ నంబరు ఒకటే ఉందో లేదో చూసి డబ్బు కట్టండి.

ప్రశ్న: మిర్చి కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. పొద్దస్తమానం ట్యాలీయే. ల్యాప్‌టాప్‌లో నంబర్ కీలు ఇరుగ్గా ఉన్నాయి, పైగా ఎఫ్5 నొక్కితే పేమెంట్ వోచర్ రాకుండా తెర వెలుతురు మారుతోంది. విడిగా కీబోర్డు కొందామంటే 400 నుంచి 4,000 దాకా ఉన్నాయి. దేనికి అంత తేడా?
(గుమాస్తా, గుంటూరు)

జవాబు: ఎఫ్ కీల జబ్బుకు పైసా ఖర్చు లేదు. ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కండి. చాలా లెనోవో, డెల్, ఆసుస్ పీసుల్లో దాంతో ఎఫ్ఎన్ తాళం మారి ఎఫ్ కీలు నేరుగా పనిచేస్తాయి. ఎస్కేప్ కీ మీద చిన్న తాళం బొమ్మ ఉంటే అదే. హెచ్‌పీలో చాలావాటికి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్లి 'యాక్షన్ కీస్ మోడ్' ఆపేయాలి. ఆ తర్వాత ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్ మామూలుగా వస్తాయి.

ధరలో తేడా లోపలి నిర్మాణంలో ఉంది. 400 రూపాయల కీబోర్డు మెంబ్రేన్ రకం. కీల కింద రబ్బరు గుబ్బలు, వాటి కింద వాహక గీతలు గీసిన పల్చటి ప్లాస్టిక్ షీట్లు. గుబ్బ అరిగితే కీ మెత్తబడి, ఒకసారి నొక్కితే రాదు, రెండోసారి నొక్కితే రెండు పడతాయి. లెక్కలు రాసేవాళ్లకు ముందు పోయేవి నంబర్ ప్యాడ్‌లో ఎంటర్, సున్నా. ఆ ఒక్క కీ బాగు చేయడానికి లేదు, మొత్తం మార్చాల్సిందే. కంపెనీలు మెంబ్రేన్‌కు మామూలుగా 50 లక్షల నుంచి కోటి నొక్కుల దాకా చెబుతాయి. మెకానికల్‌లో ప్రతి కీకి విడి స్విచ్, దానికి 5 కోట్ల నొక్కులని రాస్తారు. పోయినా ఆ ఒక్క స్విచ్ మారిస్తే చాలు. 'హాట్ స్వాప్' అని ఉన్నది కొంటే సోల్డరింగ్ అక్కర్లేదు, పట్టకారుతో లాగి కొత్తది గుచ్చడమే.

స్విచ్‌లలో నీలం రకం టిక్కు టిక్కుమంటుంది, గోధుమ రంగుది చప్పుడు లేకుండా వేలికి చిన్న మెట్టు తగిలిస్తుంది, ఎరుపు సాఫీగా దిగిపోతుంది. బిల్లింగ్ కౌంటర్లలో, డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా కనిపించే టీవీఎస్ గోల్డ్ నీలం మాదిరి చప్పుడుదే. నంబర్లు చూడకుండా కొట్టే చేతికి ఆ చప్పుడు మేలు చేస్తుంది, కీ పడిందని చెవికి తెలుస్తుంది. కాని మీ పక్క బల్ల మీద ఫోన్లో ధరలు మాట్లాడే మనిషి ఉంటే గోధుమ రంగుదే శాంతి.

కొనేటప్పుడు 104 కీల పూర్తి సైజు అడగండి. అందంగా ఉందని 87 కీలది తెస్తే నంబర్ ప్యాడే ఉండదు. ప్యాడ్‌లో ఎంటర్, ప్లస్ నిలువుగా రెండు కీల ఎత్తు, సున్నా అడ్డంగా రెండు కీల వెడల్పు ఉండాలి. అక్షరాలు పైన అచ్చు వేసినవైతే ఏడాదిలో చెరిగిపోవచ్చు. 'డబుల్ షాట్' అంటే అక్షరం వేరే రంగు ప్లాస్టిక్‌తోనే పోతపోసి ఉంటుంది, చెరగదు. మీ కొట్టులో మిర్చి దుమ్ము ఎలాగూ తప్పదు. వారానికోసారి తిరగేసి తట్టి, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో కీల సందులు దులపండి, రాత్రి గుడ్డ కప్పండి. నోటితో ఊదితే తడి లోపలికి పోతుంది, దుమ్ము మీ కళ్లలోకి వస్తుంది.

విండోస్‌లో కీబోర్డు భాషగా ఇంగ్లిష్ ఇండియా పెట్టుకుంటే కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కగానే రూపాయి గుర్తు పడుతుంది. బిల్లు మీ కొట్టు జీఎస్టీ నంబరు మీద తీసుకోండి. 18 శాతం పన్ను కొట్టుకు క్రెడిట్‌గా తిరిగొచ్చే వీలుంటుంది.

ప్రశ్న: డీటీపీలో అనూ ఫాంట్లతో టైప్ చేస్తాను. ఇప్పుడు అందరూ యూనికోడ్‌లో కావాలంటున్నారు. దానికి తెలుగు అక్షరాలున్న కీబోర్డు కొనాలా?
(డీటీపీ ఆపరేటర్, వరంగల్)

జవాబు: అక్కర్లేదు. ఏ కీబోర్డయినా కంప్యూటర్‌కు కీ నంబరే పంపుతుంది, అది ఏ అక్షరమో తేల్చేది విండోస్. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, యాడ్ ఎ లాంగ్వేజ్ వరసగా నొక్కి తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత విండోస్ కీ, స్పేస్ కలిపి కొడితే భాష మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టు కొట్టే ఫొనెటిక్ పద్ధతీ అందులో ఉంది కాని, రోజూ పేజీలకు పేజీలు కొట్టేవారికి ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీల అమరిక) మేలు. కొట్టే దెబ్బలు తక్కువ.

ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాలు, అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. 'తెలుగు' అనడానికి ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. ఒత్తు కావాలంటే మధ్యలో డి నొక్కాలి, అదే పొల్లు. షిఫ్ట్‌తో డి నొక్కితే అ. కాబట్టి 'అమ్మ'కు షిఫ్ట్ డి, సి, డి, సి. అనూలో అలవాటైన చేయి మొదట్లో తడబడేది ఒత్తుల దగ్గరే. అక్కడ ఒత్తు కూడా విడి ముక్కగా కొడతారు, ఇక్కడ పొల్లు వేసి మామూలు హల్లు కొడితే ఒత్తు తనంత తానే కిందికి దిగుతుంది. అక్షరాల స్టిక్కర్లు దొరుకుతాయి, పారదర్శకమైనవి తీసుకుంటే కింద ఇంగ్లిష్ కూడా కనిపిస్తుంది. అనూలో ఉన్న పాత ఫైళ్లను మాత్రం పారేయకండి. అవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడిగినవి, అందుకే వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, అంకెలు ఒకసారి సరిచూడాలి.

ప్రశ్న: వైర్‌లెస్ కీబోర్డు కొన్నాను. బ్యాటరీ కొత్తదే వేశాను, అయినా మధ్యమధ్యలో అక్షరాలు మింగేస్తోంది.
(టీచర్, కర్నూలు)

జవాబు: చిన్న డాంగిల్‌ను (కీబోర్డు సంకేతాలు అందుకునే ముక్క) నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో, పక్కనే పెన్ డ్రైవో హార్డ్ డిస్కో పెట్టి గుచ్చి ఉంటారు. యూఎస్‌బీ 3 పోర్టు, దాని వైరు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. దాన్ని నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్టులోకి మార్చండి. లేదా అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో కీబోర్డు దగ్గరికి తెచ్చి పెట్టండి. చాలావరకు ఇంతే.

ప్రశ్న: 14 వేలకు సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ ఇస్తామంటున్నారు, ఐ5 అట. కొత్త సెలెరాన్ కంటే మంచిదేనా?
(పోటీ పరీక్షల అభ్యర్థి, హైదరాబాద్)

జవాబు: మంచిదే, కాని ఐ5 తర్వాతి నంబరు చెప్పించుకోండి. 6300యూ అంటే ఆరో తరం, 8350యూ అంటే ఎనిమిదో తరం, 10310యూ అంటే పదో తరం. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కేది ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. ఆరు, ఏడు తరాల వాటిలోనూ ఏదో దారిన ఎక్కించి ఇస్తారు, ఆ తర్వాత అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ హామీ ఉండదు. థింక్‌ప్యాడ్ టీ480 లాంటిదైతే ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉంటాయి, కీబోర్డు కూడా కొత్త ల్యాప్‌టాప్‌లకంటే లోతుగా, హాయిగా ఉంటుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో గాని మరెక్కడైనా గాని కొనేముందు మూడు పరీక్షలు చేయండి. మొదటిది, ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి. రెండోది, నెట్ కలిపి విండోస్‌ను రీసెట్ చేయించండి. కొత్తగా మొదలయ్యేటప్పుడు ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది ఆ కంపెనీ రికార్డుల్లో ఇంకా ఉందని అర్థం, మళ్లీ మళ్లీ తాళం పడుతుంది. మూడోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్ అనే మాటకు ఆనించి సి, ఎఫ్, జి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో కలిపి కొట్టండి. వచ్చిన ఫైల్లో 'డిజైన్ కెపాసిటీ', 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో 60 శాతం లోపుంటే కొత్త బ్యాటరీ ఖరీదు బేరంలో తగ్గించమనండి. ఆఖరున నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ ఒకసారి కొట్టి చూడండి, మొహమాటపడకండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కీబోర్డు మీద టీ ఒలికింది. బియ్యం డబ్బాలో పెడితే తడి లాగుతుందంటారు, నిజమేనా?
(గృహిణి, రాజమండ్రి)

జవాబు: బియ్యం వల్ల లాభం లేదు, దాని పిండి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. వెంటనే ఛార్జర్ పీకి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. సగం తెరిచి, కీబోర్డు నేలవైపు ఉండేలా గుడారంలా నిలబెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు, వేడి గాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది. ఆరిందని మర్నాడు ఆన్ చేసేయకండి. నీళ్లయితే ఆరిపోతాయి, టీలో చక్కెర, పాలు ఉండిపోయి కొన్ని వారాల్లో బోర్డు మీద తుప్పు మొదలవుతుంది. విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయించడమే దారి. ఒలికిన టీకి మామూలు వారంటీ వర్తించదు, ప్రమాద నష్టానికి విడిగా ప్లాన్ కొని ఉంటేనే. కీబోర్డు మార్చాల్సి వస్తే అది స్క్రూలతో ఉందా, పైపలకకు ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికించారా అని ముందే అడగండి. రెండో రకంలో పలకతో సహా మార్చమంటారు, బిల్లు పెరుగుతుంది.

ప్రశ్న: లండన్ నుంచి వస్తూ కరీంనగర్‌లో ఉన్న అమ్మానాన్నలకు ల్యాప్‌టాప్ తేవాలనుంది. ఇబ్బందులేమైనా ఉంటాయా?
(లండన్ పాఠకుడు)

జవాబు: పద్దెనిమిదేళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటే ఇక్కడి కరెంటుకు సరిపోతుంది, గోడకు గుచ్చే వైరు ఒక్కటి ఇక్కడ మార్చుకుంటే చాలు. తేడా అంతా కీబోర్డులో ఉంది. బ్రిటన్ కీబోర్డులో ఎంటర్ కీ వంపు తిరిగి ఉంటుంది, షిఫ్ట్‌తో 2 నొక్కితే కోట్స్ గుర్తు, 3 నొక్కితే పౌండు గుర్తు పడతాయి. ఈమెయిల్ అడ్రసులో వాడే 'ఎట్' గుర్తు ఎంటర్ పక్కకు పోతుంది. విండోస్‌లో ఇంగ్లిష్ ఇండియా పెడితే కీ మీద ఒకటి కనిపించి తెర మీద ఇంకొకటి పడుతుంది, మెయిల్ పాస్‌వర్డ్ కొట్టలేక నాన్నగారు మీకు ఫోన్ చేస్తారు. అమెరికా లేఅవుట్ ఉన్నది అడిగి తీసుకోండి, లేదా విండోస్‌లో ఇంగ్లిష్ యునైటెడ్ కింగ్‌డమ్‌నే ఉంచి కీ మీద ఉన్నదే పడేలా చూడండి. వారంటీ ఇండియాలో చెల్లుతుందని ఆ మోడల్‌కు కాగితం మీద ఉంటేనే తెండి. లేకపోతే అదే డబ్బు పంపి ఇక్కడే, ఇంటికొచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీతో కొనిపించండి.